అంగిట్లో కుట్టు

మే 4

అమ్మాయీ,

ముందు అందరి సంగతీ వరసగా అడుగుతాను, ఒక్కటీ వదలకుండా జవాబు రాయి. మన గుండీగాడు ఎలా ఉన్నాడు? అంగిట్లో వేసిన మూడు కుట్లూ కరిగాయా, ఇంకా పచ్చిగానే ఉందా? పాలు గోరువెచ్చగా ఇస్తున్నావా, వేడిగా ఇస్తున్నావా? నీ నడుము ఎలా ఉంది? బ్రెడ్డు ఫ్యాక్టరీలో బెల్టు ముందు నిలబడి నిలబడి పోయిన నెల లాగుతోందన్నావు. అల్లుడుగారి మోకాలు ఎలా ఉంది? లిఫ్టు గుంతల్లోకి దిగేటప్పుడు గుడ్డ చుట్టుకుంటున్నారా, చుట్టుకున్నానని నీతో అంటున్నారా? పక్కింటావిడకు దగ్గు తగ్గిందా? నేను వచ్చేశాక పిల్లాణ్ణి ఆవిడే చూస్తోంది కాబట్టి ఆవిడ దగ్గు కూడా మన ఇంటి సంగతే. ఇక నా ఆరోగ్యం అంటావా, నా ఒంటికేం, రాయిలా ఉంది. మా వదిన, మీ అత్తయ్య కూడా కులాసా. కంటికి పొర వచ్చినా నోటికి ఏ పొరా రాలేదు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నాకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవికి ఫోన్ పెట్టుకుంటే రైలు స్టేషన్లో నిలబడ్డట్టు ఉంటుంది. నీ ఫోనేమో షిఫ్టు అయ్యేదాకా లాకర్లో ఉంటుంది. అసలు సంగతి అదేమీ కాదు, నీ గొంతు వింటే నాకు మాట రాదు. నాలుగో తరగతి దాకా చదివించారు కాబట్టి రాస్తున్నాను. కాగితం కుట్టు మిషన్ బల్ల మీద పెట్టి రాస్తున్నాను, వంకరగా ఉంటే సర్దుకో.

వాడు పడి ఇవాళ్టికి ఇరవై రోజులు. బ్రష్షు నోట్లో పెట్టుకుని నడుచుకుంటూ వచ్చి, గడప తగిలి బోర్లా పడటం, ఆ బ్రష్షు అంగిట్లో దిగిపోవటం కళ్ళు మూసుకున్నా కనిపిస్తోంది, తెరిచినా కనిపిస్తోంది. ఆ తర్వాత ఎనిమిది రోజులు మీ ఇంట్లో ఉన్నాను. ఆ ఎనిమిది రోజుల్లో నువ్వు నాతో నాలుగు మాటలు మాట్లాడావు. లెక్కపెట్టానని అనుకోకు, నాలుగైతే లెక్క పెట్టక్కర్లేదు. బ్రష్షులు పెట్టే గ్లాసు తీసుకెళ్ళి అలమారా పైన పెట్టావు. అక్కడికి నా చెయ్యి అందదు. సరే, మంచి పనే చేశావు. ఇంక నేనక్కడ ఉండి ఎవరికి ఉపయోగం అనుకున్నాను. మిషన్ పైభాగం విప్పించుకుని ఇక్కడికి, మా వదిన దగ్గరికి వచ్చేశాను.

ఒక్క మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. బ్రష్షు వాడి చేతికిచ్చి నువ్వు పక్కకి వెళ్ళకు. బ్రష్షు నోట్లో ఉన్నంతసేపూ వాడు కూర్చునే ఉండాలి, నడవకూడదు, ఎక్కకూడదు, దిగకూడదు. ఒక్క నిమిషమే కదా అనుకోకు. వాడు పడింది ఒక్క నిమిషంలోనే. చేతిలో ఎంత పనున్నా, ఎక్కడికి వెళ్ళాలని ఎంత తొందరున్నా, అది ఆగుతుంది. పిల్లాడు ఆగడు.

ఇవన్నీ నీకు తెలియవని కాదు. నేను రాయకుండా ఉండలేను, అంతే.

భయపడటం తప్ప వేరే పని రాని
మీ అమ్మ


మే 12

అమ్మా,

నువ్వు అడిగిన వరసలోనే రాస్తున్నాను. కుట్లు కరిగిపోయాయి. పుండు మానింది, మధ్యలో తెల్లటి గీత మిగులుతుందని ఆస్పత్రిలో చెప్పారు. పాలు గోరువెచ్చగానే ఇస్తున్నాను. నా నడుము అలాగే ఉంది. ఆయన గుడ్డ చుట్టుకుంటున్నారు. పక్కింటావిడకు దగ్గు తగ్గింది.

తగ్గనిది ఒకటుంది. వాడు పళ్ళు తోమనివ్వడం లేదు. అన్నానికి నోరు తెరుస్తాడు, అది కూడా చెంచా వెళ్ళేంతే. బ్రష్షు కనబడితే చాలు, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని మంచం కిందికి దూరిపోతాడు. వాడికి బ్రష్షంటే ఎంత ఇష్టంగా ఉండేదో నీకు తెలుసు. పోయిన ఆదివారం ఆయన వాణ్ణి ఒళ్ళో బిగించి పట్టుకుని తోమబోయారు. వాడు ఏడవలేదు. వణికాడు. ఆయన వదిలేసి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు.

పళ్ళ డాక్టరమ్మకు చూపించాం. పైన ముందరి నాలుగు పళ్ళ మీద, చిగుళ్ళ దగ్గర, తెల్లటి మచ్చలు వచ్చాయట. “పుచ్చుకి ఇది ముందు మెట్టు. ఇప్పటినుంచి రోజూ రెండు పూటలా తోమితే ఇక్కడే ఆగుతుంది. ఆగకపోతే గుంటలు పడతాయి. అప్పుడు ఇంత చిన్నవాడికి మత్తిచ్చి చెయ్యాల్సి వస్తుంది” అంది. రెండున్నరేళ్ళవాడికి మత్తు. జూన్ ఇరవైన మళ్ళీ తీసుకురమ్మంది.

నువ్వు బ్రష్షు గురించి రాసినవన్నీ చదివాను. తప్పు ఎక్కడ జరిగిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. దాని గురించి ఇంక రాయొద్దు.

నీ కూతురు


మే 17

అమ్మాయీ,

రాయొద్దన్నావు, రాయను. తెలుసన్నావు కాబట్టి ఇంక నేను దాచుకునేది కూడా ఏమీ లేదు. నీ ఉత్తరం చేతిలో పట్టుకుని రెండు పూటలు కూర్చున్నాను. మీ అత్తయ్య “ఏమ్మా ఆడపడుచా, కాగితం చదువుతున్నావా, దానికి జోల పాడుతున్నావా” అని అడిగింది. మచ్చల సంగతి చెప్పాను. ఆవిడ కూడా నవ్వు ఆపేసింది.

నాకు ఇంకో భయం పట్టుకుంది. నేను ఉన్నన్నాళ్ళూ వాడి పాలలో చక్కెర వేశాను. నువ్వు వద్దన్నావు. నువ్వు వెళ్ళాక వేశాను. ఆ మచ్చలు అందువల్లేనేమో డాక్టరమ్మను అడిగి రాయి. ఇది కూడా నా ఖాతాలోనే పడితే పడనీ, పిల్లాడికి మాత్రం ఇప్పుడు వెయ్యకు.

ఇక్కడ పక్క వీధిలో కూడా పళ్ళ డాక్టరుగారు ఉన్నారు. ఊరికే వెళ్ళి అడిగితే చెప్పరేమోనని పన్ను నొప్పి అని అబద్ధం చెప్పి కుర్చీ ఎక్కాను. ఆయన దీపం వేసి చూసి “అమ్మా, మీకున్నవే పదకొండు పళ్ళు, వీటిలో నొప్పి ఏదో చూపించండి” అన్నాడు. అప్పుడు నిజం చెప్పాను. కోప్పడతాడనుకున్నాను, కానీ స్టూలు లాక్కుని నా ముందు కూర్చున్నాడు. ఆయన చెప్పినవి రాస్తున్నాను. ఇవి నా మాటలు కావు కాబట్టి నువ్వు చదవొచ్చు.

పట్టుకుని బలవంతంగా తోమొద్దన్నాడు. ఒకసారి భయపడిన నోరు రెండోసారి ఇంకా గట్టిగా మూసుకుంటుందట. నువ్వు నేల మీద కూర్చుని వాణ్ణి నీ ముందు, నీకు వీపు ఆనేలా కూర్చోబెట్టుకోవాలి. వాడి తల నీ గుండెకు వాల్చుకుంటే పైనుంచి నోరు బాగా కనబడుతుంది, జారిపోతాడనే భయం వాడికి ఉండదు. మెత్తటి చిన్న బ్రష్షు. పేస్టు బియ్యపు గింజంత, అంతకు మించి వద్దు, ఈ వయసులో ఉమ్మడం రాదు, మింగేస్తారు. మూడేళ్ళు నిండాక శనగ గింజలో సగం. వాడి చేతికి ఇవ్వొచ్చు, సరదాగా నాలుగుసార్లు రుద్దుకోనివ్వొచ్చు, కానీ అసలు తోమడం పెద్దవాళ్ళే తోమాలట. ఆరేడేళ్ళు వచ్చేదాకా వాళ్ళకి చెయ్యి తిరగదట. అయిపోగానే బ్రష్షు తీసి అందనంత ఎత్తులో పెట్టమన్నాడు. నువ్వు అలమారా పైన పెట్టావని చెప్పాను. “మీ అమ్మాయి తెలివైనది” అన్నాడు. ఆ మాట నీకు చేరాలని రాశాను.

ఇంకో సంగతి కూడా అన్నాడు. వాడికి తోమే ముందు వాడి చేత వేరే ఎవరికైనా తోమించమన్నాడు. నీకో, ఒక బొమ్మకో. భయం అవతలివాళ్ళ నోట్లో ఉంటే పిల్లలకి ధైర్యం వస్తుందట. ఆ మాట విన్నప్పటినుంచి నా చెయ్యి ఊరుకోవడం లేదు. ఒక బొమ్మ కుడుతున్నాను. పెద్ద నోరు, తెరిస్తే లోపల అంతా కనబడేలాగ. కుక్క అని మొదలుపెట్టాను, చెవులు పెద్దవయ్యాయి. మీ అత్తయ్య తడిమి చూసి “ఇది కుక్కా, మీ ఆయన పనిచేసిన చోటి మేనేజరా” అంది. పళ్ళకి ముందు చొక్కా గుండీలు వేశాను, చక్కగా ఎనిమిది. వేసి మంచం ఎక్కానో లేదో ఒకటి ఊడి వాడి గొంతులో అడ్డం పడుతుందని భయం పట్టుకుంది. లేచి ఎనిమిదీ విప్పేశాను. ఇప్పుడు తెల్ల దారంతోనే పళ్ళు కుడుతున్నాను. లాగితే రావు, పీకి చూశాను. కళ్ళు కూడా దారమే.

వచ్చే వారం పార్సిల్ పంపుతాను. నేను కుట్టానని వాడికి చెప్పకపోయినా పరవాలేదు.

మీ అమ్మ


మే 29

అమ్మా,

బొమ్మ వచ్చింది.

నేనే విప్పాను, వాడు పక్కింట్లో ఉన్నాడు. చెవులు చూసి నవ్వాను కూడా. తర్వాత నోరు తెరిచాను. ఎర్రటి గుడ్డ, పైన అంగిలి మీద అడ్డంగా కుట్టు. సరిగ్గా వాడికి ఉన్నచోటే.

ఎందుకమ్మా అలా చేశావు? నేను మరచిపోతానని గుర్తు చేశావా? తప్పు ఎక్కడ జరిగిందో ఇద్దరికీ తెలుసు, ఇంక రాయొద్దు అంటే, మాటల్లో మానేసి దారంతో రాశావా? మాట అంటే కాసేపటికి పోతుంది. నీ కుట్టు ఎప్పుడైనా ఊడిందా?

బొమ్మను వాడికి చూపించలేదు. అలమారా పైన, బ్రష్షుల గ్లాసు పక్కన పెట్టాను.

నువ్వు ఇల్లు వదిలి వెళ్ళిననాడే నాకు అర్థమైంది, నీకు తెలిసిపోయిందని. ఎనిమిది రోజులూ నీ మొహం చూడలేకపోయాను. చూస్తే నువ్వు అడుగుతావని. నువ్వు అడగలేదు. చెప్పకుండానే వెళ్ళిపోయావు. నా మొహం చూడటం నీకే కష్టమైందనుకున్నాను. తర్వాత ఉత్తరంలో రాశావు, బ్రష్షు చేతికిచ్చి పక్కకి వెళ్ళకు, ఎక్కడికి వెళ్ళాలని తొందరున్నా అది ఆగుతుంది, అని. ఇంకెంత తేటగా అనాలి?

అయినా నా నోటితో చెబుతాను, చెప్పకపోతే నాకు అన్నం దిగడం లేదు. ఆ పొద్దున వాడికి బ్రష్షు ఇచ్చింది నేనే. షిఫ్టుకి బయలుదేరుతుంటే లేచాడు. నా కాలు పట్టుకుని వదల్లేదు. ఐదున్నర బండి తప్పితే ఆ నెలలో మూడోసారి ఆలస్యం అయ్యేది. వాడికి ఇష్టం కదా అని, గ్లాసులోంచి బ్రష్షు తీసి, పేస్టు రాసి చేతిలో పెట్టాను. “పో, అమ్మమ్మకి చూపించు” అన్నాను. వాడు కాలు వదిలేసి నవ్వుకుంటూ వెళ్ళాడు. నేను తలుపు లాక్కుని మెట్లు దిగాను. రెండో అంతస్తు దాటాక నీ కేక వినిపించింది. మొదట ఎవరిదో అనుకున్నాను.

నువ్వు వంటింట్లో ఉన్నావు, నీకేం తెలుసు. నేనే పంపాను.

నీ కూతురు


జూన్ 2

తల్లీ,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున వచ్చింది. మధ్యాహ్నం బండికి ఇది వెళ్ళాలని పని పక్కన పెట్టి రాస్తున్నాను. అక్షరాలు సరిగ్గా రాకపోతే కూడబలుక్కుని చదువు.

ముందు కుట్టు సంగతి. దుకాణంలో కోటు అస్తరు తెగినప్పుడు ఎర్ర శాటిన్ ముక్క ఒకటి మిగిలింది. అది నోటికి సరిపోలేదు. బెత్తెడు తక్కువైంది. ఇంకో ఎర్ర ముక్క వెతికి రెండూ అతికాను. అతుకు కింద వేస్తే నాలుక మీద కనబడుతుంది, పక్కన వేస్తే బుగ్గ పీకుతుంది, అందుకని పైన వేశాను. గుడ్డ తక్కువై వేసిన అతుకమ్మా అది. వాడి కుట్టు నాకు గుర్తు రాలేదు. ఇరవై నాలుగు గంటలూ అదే తలుచుకునే దాన్ని, అది వేసేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు. గుర్తొస్తే నా చేతులు విరిగినా అక్కడ సూది దింపేదాన్ని కాదు.

రెండోది. బ్రష్షు నువ్వు ఇచ్చావని నాకు తెలియదు. నీ ఉత్తరం చదివేదాకా తెలియదు. ముందురోజు సాయంత్రం వాడికి తోమి నేనే బ్రష్షుని పొట్టి స్టూలు మీద మరచిపోయాననుకున్నాను. గ్లాసు నువ్వు ఎత్తు మీద పెట్టింది నేను పనికిరానిదాన్నని చెప్పడానికే అనుకున్నాను. నేను రాసిన జాగ్రత్తలన్నీ నాకు నేను రాసుకున్నవి. చిరునామా నీది, తిట్లు నావి.

మూడోది చెప్పడానికి నాకు ఏభై రోజులు పట్టింది.

నేను వంటింట్లో లేను. ఆస్పత్రిలో డాక్టరుగారు “మీరెక్కడున్నారమ్మా అప్పుడు” అని అడిగితే వంటింట్లో అని నోటికి వచ్చింది, ఆ తర్వాత అదే పట్టుకుని కూర్చున్నాను. నేను ముందు గదిలో నేల మీద కూర్చుని ఉన్నాను. కింద వాటాలో గుమాస్తాగారి పాంటు కాళ్ళు కురచ చెయ్యాలి, ఎనిమిదింటికి ఇస్తానన్నాను. మడత పెట్టి గుర్తు పెడుతున్నాను. నోట్లో గుండుసూదులు ఉన్నాయి.

నా అలవాటు నీకు తెలుసు. నలభై ఏళ్ళుగా సూదులు పెదవుల మధ్యే. చెయ్యి ఖాళీగా ఉంటుంది, పని తొందరగా అవుతుంది. నీ చిన్నప్పుడు నువ్వు ఏదైనా అడిగితే ఊఁ అనో ఉఁహూఁ అనో అనేదాన్ని. మీ నాన్న “మీ అమ్మతో దెబ్బలాడాలంటే పాంటు పూర్తయ్యేదాకా ఆగాలి” అనేవారు. అందరూ నవ్వేవారు. నేనూ సూదులు జారకుండా నవ్వేదాన్ని.

వాడు గుమ్మంలో కనబడ్డాడు. నోట్లో బ్రష్షు, పెదవులు బిగించి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని. నన్ను చూశాడు. గడప వాడి కాలి ముందు ఉంది. ఆగరా అనాలి. కూర్చోరా అనాలి. ఒక్క మాట. వాడు చెబితే వింటాడు, కూర్చో అంటే ఎక్కడివాడు అక్కడ చతికిలబడతాడు, నీకూ తెలుసు. కానీ నోరు తెరిస్తే సూదులు నా గొంతులోకైనా పోతాయి, వాడి కాళ్ళ కిందైనా పడతాయి. దోసిలి పట్టి ఉమ్మేశాను. ఏడు సూదులు. ఉమ్మి తల ఎత్తేసరికి వాడు కింద ఉన్నాడు. నా నోరు అప్పుడు ఖాళీ అయింది. అప్పుడు అరిచాను. నువ్వు మెట్ల మీద విన్నది ఆ అరుపే.

ఇంకా ఉంది. ఇది ఇంకా బరువైనది. ఆ చేతులు వెనక్కి కట్టుకోవడం, ఆ పెదవులు బిగించడం ఎక్కడ నేర్చాడనుకున్నావు? దుకాణం వాళ్ళు వచ్చినప్పుడు నేను నోట్లో సూదులతోనే లేచి, నడుము పట్టేసి చేతులు వెనక్కి పెట్టుకుని తలుపు దాకా నడుస్తాను. రోజూ చూస్తాడు. నోట్లో ఏదో పెట్టుకుని నడవొచ్చని వాడికి నేర్పింది నేను. నువ్వు బ్రష్షు చేతికిచ్చావు, నిజమే. నడక నేనిచ్చాను.

కాబట్టి నీ ఒక్కదాని తప్పని ఇంకెప్పుడూ అనుకోకు. సగం నాది. సగం కంటే ఎక్కువ నాది, పెద్దదాన్ని కాబట్టి. ఇది చదివాక వాడి దగ్గరికి నన్ను మళ్ళీ రానివ్వకూడదనుకుంటే అదీ న్యాయమే, నేను అలగను.

ఇక్కడికి వచ్చిన మర్నాటినుంచి సూది నోట్లో పెట్టలేదు. చిన్న దిండు కుట్టుకుని మణికట్టుకి కట్టుకున్నాను, సూదులు దానికి గుచ్చుతున్నాను. పని సగానికి సగం తగ్గింది. పొరపాటున చెయ్యి నోటి దాకా వెళితే మీ అత్తయ్య కనబడకపోయినా ఎలా కనిపెడుతుందో, “దించు” అంటుంది. “నలభై ఏళ్ళకి నీ మాటలు వినే యోగం పట్టింది నాకు, ఇదేం ఖర్మ” అని కూడా అంటుంది.

బొమ్మను పారెయ్యాలంటే పారెయ్యి. లేదా ఆ అతుకు మీద నల్ల గుడ్డ ముక్క ఏదైనా వేసి కుట్టి ఇవ్వు. ఇరవయ్యో తేదీ దగ్గరికి వస్తోంది. ఆ నాలుగు పళ్ళే నాకు కలలోకి వస్తున్నాయి.

మీ అమ్మ


జూన్ 11

అమ్మా,

నీ ఉత్తరం ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి చదివాను. తర్వాత ఇంటికి వచ్చి ఆయనకు నీది చదివి వినిపించాను, నేను నీకు రాసింది నోటితో చెప్పాను. నా సంగతి ఆయనకు కూడా చెప్పలేదు అప్పటిదాకా. ఆయన అన్నారు, “ఆ గడప వదులుగా ఉందని మూడు నెలలుగా నాకు తెలుసు. ఊరందరి లిఫ్టులూ బాగుచేస్తాను.” స్క్రూడ్రైవరు తెచ్చుకుని గడప ఊడదీశారు. ఇప్పుడక్కడ నేల ఒకే మట్టంగా ఉంది. మనం ముగ్గురం తలో మూలా కూర్చుని ఒకే మూట మోశాం.

అతుకు మీద ఏ గుడ్డా వెయ్యలేదు. బొమ్మను దించి ఉన్నదున్నట్టే వాడికి ఇచ్చాను. నువ్వు కుట్టావని చెప్పాను.

వాడు ముందు చెవులు పట్టుకుని ఈడ్చాడు. తర్వాత నోరు దొరికింది. చెయ్యి లోపలికి పెట్టాడు. ఆ అతుకు వేలికి తగిలింది. ఆగిపోయాడు. వంగి లోపలికి చూశాడు. బొమ్మ లాక్కోవాలనిపించింది, ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ఆపారు. వాడు బొమ్మ నోట్లోకి ఉఫ్ అని ఊదాడు. మళ్ళీ ఊదాడు. నా వైపు తిరిగి “దీనికీ” అన్నాడు. “ఔను నాన్నా, దానికీ” అన్నాను. “నాకూ” అని, నోరు తెరిచాడు.

ఎంత తెరిచాడంటే నాకు కొండనాలుక కూడా కనబడింది. రెండు నెలల తర్వాత మొదటిసారి చూశాను, అంగిలి మధ్యలో దారమంత తెల్లటి గీత. నా వేలు పట్టుకుని తీసుకెళ్ళి దాని మీద పెట్టాడు. నేనూ ఉఫ్ అన్నాను. ఆయన కూడా అనాల్సి వచ్చింది.

ఆ రోజు అంతే. మర్నాడు బొమ్మకి తడి బ్రష్షుతో వాడి చేత తోమించాను. దాని మొహమంతా తోమాడు. మూడో రోజు బొమ్మను వాడి ఒళ్ళో, వాణ్ణి నా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను, మీ డాక్టరుగారు చెప్పినట్టు తల నా గుండెకు వాల్చి. ముందు దానికి, తర్వాత వాడికి. మూడు పళ్ళ దగ్గర నోరు మూశాడు. మూస్తే ఆపేశాను. నాలుగో రోజు పైవరస అంతా. ఇప్పుడు రెండు పూటలా తోమనిస్తున్నాడు. పది లెక్కపెట్టేదాకా అని ఒప్పందం. వాడి లెక్కలో రెండు తర్వాత ఏడు వస్తుంది, అందుకని నేనే లెక్కపెడుతున్నాను. పేస్టు బియ్యపు గింజంతే. చక్కెర సంగతి డాక్టరమ్మను అడిగాను. చక్కెర మంచిది కాదు, కానీ తోమకపోవడమే అసలు కారణం అంది. ఈ ఒక్కటీ నీ ఖాతాలోంచి కొట్టెయ్యి.

ఇంకోటి చూడు. నోట్లో బ్రష్షుంటే కూర్చోవాలని వాడికి పదిసార్లు చెప్పాను. నిన్న పొద్దున ఆయన బ్రష్షు నోట్లో పెట్టుకుని చొక్కా వెతుక్కుంటూ గదిలోకి వచ్చారు. వాడు దారికి అడ్డం నిలబడి “నాన్నా, కూచో” అన్నాడు. ఆయన నురగ నోటితో ఏదో అనబోయారు. “కూచో” అని ఇంకోసారి. అంత మనిషీ గది మధ్యలో చతికిలబడి, తోమడం అయ్యాక లేచారు.

నువ్వు రాశాక గమనించాను. అప్పుడప్పుడు పెదవులు బిగించి, చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి నిలబడతాడు. నోట్లో ఏమీ ఉండదు. ఇన్నాళ్ళూ ఏమిటో అనుకున్నాను. నిన్న అడిగితే “అమ్మమ్మ” అన్నాడు. నువ్వు వెళ్ళిపోయినా ఈ ఇంట్లో రోజూ నువ్వు నడుస్తూనే ఉన్నావమ్మా.

నిన్ను రానివ్వకూడదని మేం ఎప్పుడూ అనుకోలేదు. ఇరవైన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. కుర్చీలో ఎవరి ఒళ్ళో కూర్చుంటావని అడిగాను. ఎవరి పేరు చెప్పాడో నేను రాయను, వచ్చి వాడినే అడుగు. నేను పొద్దుటి షిఫ్టు మార్పించుకున్నాను, తొమ్మిదింటికి వెళితే చాలు. తారీకు నువ్వే చెప్పు.

నీ చిన్నది


జూన్ 14

బంగారు తల్లీ,

కొండనాలుక దాకా కనబడిందన్న ముక్క మీ అత్తయ్యకు నాలుగుసార్లు చదివాను. ఐదోసారి ఆవిడే అడిగి చదివించుకుంది. చివరికి “ఆ అతుకు నా వల్లే. దుకాణంలో ఆ శాటిన్ ముక్క అడిగి తెచ్చింది నేనే, ఇంకో బెత్తెడు అడగాల్సింది” అంది. ఆవిడకి కూడా ఒక వాటా కావాలట. ఇచ్చేశాను.

అల్లుడుగారికి చెప్పు, గడప తీసినచోట స్క్రూ మొలలు ఏవీ పైకి లేకుండా చెయ్యి పెట్టి తడిమి చూడమని. కంటితో చూస్తే చాలదు. ఇరవయ్యో తేదీ డాక్టరమ్మ ఏమంటుందోనని నాకు ఇప్పటినుంచే గుండె దడగా ఉంది. మచ్చలు ఆగాయో లేదో ఆవిడ చెప్పేదాకా నేను నమ్మను. ఆగకపోయినా, మత్తివ్వాల్సి వచ్చినా, ఈసారి వాడి పక్కన ఉంటాను. వెళ్ళిపోయి ఉత్తరాలు రాయను.

మిషన్ ఇక్కడే ఉంచేస్తున్నాను. అక్కడ పని దొరికితే చేత్తో కుట్టుకుంటాను. మణికట్టు దిండు మాత్రం తెస్తున్నాను. పిల్లాడు ఒళ్ళోకి వచ్చేటప్పుడు అది విప్పి అలమారా పైన, మీ గ్లాసు పక్కన పెట్టు. నా చెయ్యి అందకపోతే అందకపోనీ.

బస్సు తప్పుతుందేమోనని భయం, బస్సులో పక్కన ఎవరు కూర్చుంటారోనని భయం, దిగేచోట మీరు కనబడరేమోనని భయం. ఇవన్నీ నాతో ఎప్పుడూ ఉండేవే, వాటికీ టిక్కెట్టు తీస్తాను. ఒక్క భయం మాత్రం ఇక్కడ వదిలేసి వస్తున్నాను. వాడు గుమ్మంలో కనబడితే ఈసారి నా నోరు ఖాళీగా ఉంటుంది. వాణ్ణి పేరు పెట్టి పిలుస్తాను.

మీ అత్తయ్య నన్ను బస్సు దాకా దింపుతానంటోంది, ఆవిడను మళ్ళీ ఇంటికి ఎవరు దింపుతారో తేలలేదు. తారీకు మాత్రం తేలింది. పొద్దున ఏడింటి బస్సు, మీ దగ్గరికి పదకొండుకి చేరుతుంది.

జూన్ పద్దెనిమిది, గురువారం.